అరువు పుట్టిన ఊరు

విశాఖలో కొత్తగా కాపురం పెట్టేవాళ్లు మొదట అడిగేది సముద్రం కనిపించే ఇల్లు. తుప్పు, గెడ్డ, పడమటిగాలి, వేట నిషేధం, పోర్టులో ఎగరేసే నంబర్లు తర్వాత ఒక్కొక్కటిగా ఎదురవుతాయి. అనంతపురం నుంచి వచ్చి మూడేళ్లయిన ఒక అద్దెఇంటివాడి కథనం ఇది.

రైలు విశాఖపట్నం స్టేషన్లో ఆగింది. మమ్మల్ని దిగబెట్టడానికి వచ్చిన మా నాన్న ప్లాట్‌ఫాం మీద పెట్టెలు లెక్కపెడుతూ సగంలో ఆగిపోయాడు. మేం దిగిన ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ భువనేశ్వర్ పోవాలి. అదేమో వచ్చిన దారినే కదులుతోంది.

"బండి యెనక్కి పోతాండాదేంరా?" అన్నాడు.

పెట్టె ఎత్తుకోబోతున్న పోర్టరు నవ్వాడు. "ఇక్కడన్ని బళ్లూ అంతే బాబూ. ఎనక్కెల్లి ముందుకెల్తాయి."

చెన్నై నుంచి హౌరా పోయే పెద్ద లైనుకు విశాఖ స్టేషన్ కాస్త పక్కకు, లోపలికి ఉంటుంది. ఇక్కడిదాకా వచ్చిన బండికి ఇంజను తీసి రెండో కొసకు తగిలించాలి. అంత తీరిక లేని బళ్లు దువ్వాడ దగ్గరే పక్కదారి పట్టి పోతాయి. పనిగట్టుకుని వచ్చేవాళ్ల ఊరన్నమాట ఇది. మేమూ అలాగే వచ్చాం. మా ఆవిడకు బదిలీ అయింది. నాది ఎక్కడున్నా చేసుకోగల రాతపని. ఇద్దరం కలిసి తొమ్మిది పెట్టెలు, ఒక తులసికుండీ.

స్టేషన్ బయట నా మొదటి తప్పు జరిగింది. ఆటో దగ్గరికెళ్లి అలవాటు ప్రకారం "ఏమప్పా, ఎంవీపీ కాలనీ వస్తావా?" అన్నాను. మా సీమలో మగవాణ్ని ఎవర్ని పిలవాలన్నా అప్పానే. డ్రైవరు నన్ను చూసి, నా భుజం మీదుగా వెనక్కి చూసి, "అప్పేటి సార్? మీ ఎనకాల ఎవరైనా ఉన్నారేటి?" అన్నాడు. ఉత్తరాంధ్రలో అప్ప అంటే అక్క. మీసాలున్న మనిషిని నడిరోడ్డు మీద అక్కా అని పిలిచానని తెలిశాక వారం రోజులు ఆటో ఎక్కడానికే సిగ్గేసింది.

ఒకే రాష్ట్రం, ఒకే భాష. అయినా కూరగాయల దుకాణంలో నేను పరాయివాణ్నే. పూర్ణామార్కెట్లో ఒక ముసలమ్మ దగ్గర "సొరొకటియ్యవ్వా" అన్నాను. "సొరైతే సేపల కాడికెల్లు నాయనా" అంది. నాకు కావలసింది ఆమె ముందే గుట్టగా ఉంది. దాని పేరు ఇక్కడ ఆనపకాయ. సొర అంటే సముద్రంలో ఈదే సొరచేప. ముల్లు తీసి పొడిగా వేయించే సొరపుట్టు ఇక్కడివాళ్లకు ప్రాణం. అలాగే సంగటికి రాగిపిండి కోసం మూడు కొట్లు తిరిగాను. మూడో కొట్టాయన జాలిపడి "చోడిపిండేనా?" అన్నాడు. రాగులు ఇక్కడ చోళ్లు. మా అమ్మకు ఫోన్‌లో ఈ సంగతి చెబితే, "పేరేదైతేనేం, ఉండ కట్టకుండా కలుపు" అంది.

పెచ్చు చూసి ఇల్లు

కొత్తవాళ్లందరిలాగే మేమూ బీచ్‌రోడ్డు మీదే ఇల్లు వెతికాం. నాలుగో అంతస్తులో ఒక ఫ్లాటు. తలుపు తీయగానే ఎదురుగా నీలం. మా ఆవిడ బాల్కనీలోంచి కదల్లేదు. అద్దె మా లెక్కకు కాస్త ఎక్కువే అయినా ఒప్పేసుకుందామనుకున్నాం. ఈలోపు నాన్న బాల్కనీ రెయిలింగ్ పట్టుకుని చెయ్యి తీసి చూసుకున్నాడు. అరచెయ్యంతా గోధుమరంగు. పైకి చూశాడు. పై బాల్కనీ అడుగున సిమెంటు పెచ్చులూడి, లోపలి ఇనుపకమ్మీ పుండులా కనిపిస్తోంది. "ఇల్లు కట్టి ఎన్నేండ్లయింది?" అని అడిగాడు. చూపించడానికి వచ్చినాయన "పదేళ్లు కూడా కాలేదండీ" అన్నాడు, గర్వంగా.

కారణం ఆ తర్వాత తెలిసింది. అలలు విరిగినప్పుడు లేచే తుంపరలో నీళ్లు ఆరిపోయి ఉప్పు మిగులుతుంది. కంటికి ఆనని ఆ రేణువులు గాలితో వచ్చి ప్రతి ఇనుప ముక్క మీదా కూర్చుంటాయి. గాలిలో తేమ 75 శాతం దాటిందంటే ఉప్పు ఆ తేమను పీల్చుకుని కరుగుతుంది. విశాఖలో తేమ ఆ గీత దాటని రోజు అరుదు. అంటే గేటు బందు మీద, తాళం కప్పలో, ఏసీ పెట్టె రేకుల మధ్య నిత్యం పల్చటి ఉప్పునీటి పొర ఉంటుంది. అది సన్నని పగుళ్లలోంచి కాంక్రీటులోకి దిగి కమ్మీని పట్టుకుంటుంది. తుప్పుపట్టిన ఇనుము ఉబ్బుతుంది. లోపలి నుంచి ఉబ్బితే సిమెంటు ఏం చేస్తుంది, పెచ్చులై రాలుతుంది. అందుకే ఇక్కడ ఇల్లు చూసేటప్పుడు కిటికీలోంచి బయటికి కాదు, ముందు తలెత్తి స్లాబు చూడాలి. తర్వాత కుళాయి తిప్పి బోరునీళ్లు నోట్లో వేసుకోవాలి. తీరానికి దగ్గరున్న బోర్లలో చాలావాటికి ఆ ఒక్క గుక్క చాలు.

చివరికి ఎంవీపీ కాలనీలో, సముద్రం కనపడదుగానీ పొద్దుపోయాక వినపడే ఒక ఇంటి పైవాటా తీసుకున్నాం. ఇంటావిడకు డెబ్బై దాటాయి. మామ్మగారూ అంటాం. వాళ్లాయన పోర్టులో పనిచేసి రిటైరై, పోయారు. ఏసీ బిగించడానికి వచ్చిన కుర్రాడు మేడంతా తిరిగి బయటి పెట్టెను వెనకవైపు గోడకు పెట్టాడు. "దీన్ని సముద్రానికి ఈపు తిప్పి పెట్టాల సార్. నెలకోసారి మంచినీళ్లతో కడిగేయండి, గేస్ బేగి పోదు" అన్నాడు. బేగి అంటే త్వరగా. ఇక్కడ నేను నేర్చుకున్న మాటల్లో నాకు బాగా నచ్చినది అదే.

మొదటి వర్షాకాలంలో మా ఇంట్లో జరిగిన నష్టాలు చెప్పనా? బీరువాలో తోలు చెప్పులకు బూజు. అనంతపురం నుంచి తెచ్చిన అప్పడాలు గుడ్డపీలికలు. ఉప్పు జాడీలో రాయి. నా పెళ్లినాటి బెల్టు బకిల్ పచ్చబడి రంగు తేలింది. మామ్మగారు ఉప్పుజాడీలో గుప్పెడు బియ్యం వేసి, "మీకింకా అలవాటవ్వలేదు" అన్నారు. ఎవరికి, మాకా ఉప్పుకా అని అడగలేదు.

అనంతపురంలో ఏడాదంతా కురిసేది సుమారు 550 మిల్లీమీటర్లు. ఇక్కడ దాదాపు రెట్టింపు. మా ఎండ గట్టిదే, కానీ వేపచెట్టు నీడకు చేరితే చెమట ఆరుతుంది, ప్రాణం లేచొస్తుంది. ఇక్కడ నీడలో కూడా చెమట ఆరదు. మేం దిగింది జూన్ మొదటి వారంలో, రోజుకు మూడు చొక్కాలు. విశాఖ వాతావరణానికి రెండు లెక్కలుంటాయని అప్పుడే గమనించాను. పేపర్లో వాల్తేరు ఉష్ణోగ్రత ఒకటి, విమానాశ్రయానిది ఒకటి. వేసవిలో రెండోది రెండు మూడు డిగ్రీలు ఎక్కువే ఉంటుంది. ఎయిర్‌పోర్టు కొండల వెనక, లోపలికి ఉంది. పగలు నేల వేడెక్కి గాలి పైకి లేస్తే, ఆ చోటు నింపడానికి సముద్రం మీది గాలి లోపలికొస్తుంది. ముందు తీరాన ఉన్న వాల్తేరును తాకి, కొండలు దాటి, అలసి ఎయిర్‌పోర్టు వైపు చేరుతుంది. పడమటిగాలి బలంగా ఉన్నరోజు అసలు గడపే దాటదు. ఆ రోజు విశాఖ మా ఊరికేమీ తీసిపోదు. "ఇవాళ సముద్రపు గాలి తిరగలేదు" అని వీధిలో ఒకరికొకరు చెప్పుకుంటారు, ఇంటికి రావలసిన చుట్టం రానట్టు.

గెడ్డా? మెట్టా?

ఎంవీపీ అంటే ఏమిటని అడిగితే మా వీధిలో కుర్రకారుకు తెలియలేదు. మువ్వలవానిపాలెం. సెక్టార్లు, రైతుబజారు, కోచింగ్ సెంటర్ల కింద ఒక పాలెం ఉంది. మూడు ఇంగ్లిష్ అక్షరాల వెనక దాక్కుంది. విశాఖను పేర్ల నుంచి చదవడం ఒకసారి మొదలుపెడితే ఆగదు. మెట్ట అంటే ఎత్తునేల, అది ఆసీల్‌మెట్ట. లోవ అంటే కొండల మధ్య పల్లం. ఆరిలోవ, ముడసర్లోవ ఆ లెక్కే. వాక, గెడ్డ అంటే వాన పడితే పరుగెత్తే నీటిదారి. హనుమంతవాక, మేఘాద్రిగెడ్డ. ఊళ్లో పెద్ద మురుగుకాలవల్ని కూడా ఇప్పటికీ గెడ్డలనే అంటారు, చాకలిగెడ్డ, గంగులగెడ్డ అని. ఒకప్పుడు కొండ మీది వాన సముద్రానికి పోయే దారులు అవి. మీద సిమెంటు పోశాం గానీ వానకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. ఇల్లు చూసుకునే కొత్తవాళ్లకు నా సలహా ఒక్కటే. బ్రోకరు చెప్పే వెంచర్ పేరు మర్చిపోండి. ఆ నేల పాతపేరు అడగండి. పేరులో గెడ్డ ఉంటే అక్టోబరులో ఒకసారి వచ్చి చూసి, అప్పుడు అడ్వాన్సు ఇవ్వండి.

దిక్కులదీ ఇదే తంతు. నాన్న పొద్దున్నే మేడెక్కి, "తూర్పెటురా?" అన్నాడు. సముద్రం ఎటుంటే అటే తూర్పు అనుకున్నాను. కాదు. ఇక్కడ తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి వాలుగా సాగుతుంది. బీచ్‌కు ఎదురుగా నిలబడితే మీరు చూసేది ఆగ్నేయం. వాస్తు ప్రకారం తూర్పు ముఖం అని అమ్మిన ఇళ్లలో ఎన్ని నిజంగా తూర్పు చూస్తున్నాయో దిక్సూచి పెట్టి చూసే ధైర్యం ఎవరికీ ఉన్నట్టు లేదు. ఊరివాళ్లు ఆ గొడవే పెట్టుకోరు. "బీచ్‌వైపు", "కొండవైపు", ఈ రెండు దిక్కులతో జీవితం గడిపేస్తారు.

మనుషుల పేర్లూ నేలలోంచి వచ్చినవే. సింహాచలం కొండ మీది వరాహ నరసింహస్వామి ఇక్కడందరికీ అప్పన్న. ఏడాదంతా చందనం పూతలో ఉండి, అక్షయతృతీయ రోజు మాత్రమే నిజరూపం చూపిస్తాడు. ఆయన పేరు మీద ఎందరున్నారో! అప్పలరాజు, అప్పలనాయుడు, అప్పలకొండ, అప్పలనర్సమ్మ. ఆడవాళ్లలో సింహాచలాలు, మగవాళ్లలో సింహాచలాలు. మా వీధి చివర బడ్డీ దగ్గర "అప్పలరాజూ" అని పిలిస్తే కనీసం ఇద్దరు తిరుగుతారు. బురుజుపేటలో కనకమహాలక్ష్మి ఉంది. ఆ తల్లికి పైకప్పు లేదు. ఎండా వానా ఆమె మీదే పడతాయి. మార్గశిర గురువారాల్లో వన్‌టౌన్ సందులన్నీ ఆమెకే. ఎవరైనా వెళ్లి స్వయంగా పసుపు కుంకుమ వేసి మొక్కొచ్చు. ఇల్లు దొరకలేదని తిరుగుతున్న రోజుల్లో మా ఆవిడ వెళ్లొచ్చి, "ఆమెకే కప్పు లేదు, మనకెక్కడిది" అంది. తర్వాతి వారమే మామ్మగారి ఇల్లు దొరికింది. దానికీ దీనికీ సంబంధం లేదని నేను అనలేను, మా ఆవిడ ఈ కథనం చదువుతుంది.

తట్టలోది చూసి మాట

ఆ ఇంట్లో దిగిన మూడోరోజు పొద్దున్నే వీధిలో కేక వినపడింది. దిగి చూస్తే నెత్తిన అల్యూమినియం బేసిన్‌తో ఒకామె. పెదజాలరిపేట నుంచి నడిచొస్తుంది. బేసిన్‌లో ఎండు నెత్తళ్లు తప్ప ఏమీ లేవు. సముద్రం పక్కన ఎండుచేపలా అనుకున్నాను. ఆమె నా మొహం చూసింది.

"కొత్తగా వచ్చారేటి బాబూ? ఇప్పుడు వేట లేదు గదా."

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లు సముద్రంలోకి పోకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలమని. ఆ రెండు నెలలూ హార్బరులో బోట్లు ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడి ఉంటాయి. వలలు బాగుచేసుకోవడం, చెక్కకు రంగు వెయ్యడం, అప్పులు చెయ్యడం. ఊళ్లో కొత్తవాడెవడో తెలుసుకోవాలంటే మే నెలలో కోనాం అడుగుతాడేమో చూడాలట. కోనాం అంటే వంజరం.

నిషేధం ముగిశాక మామ్మగారి అల్లుడు నన్ను తెల్లవారుజామున ఫిషింగ్ హార్బరుకు తీసుకెళ్లాడు. 1976లో మొదలైన హార్బరు అది. చీకటి పూర్తిగా విడవలేదు. కాళ్లకింద మంచునీళ్లు, చేపపొలుసులు. బోట్లలోంచి బుట్టలు దిగుతుండగానే అక్కడే పాట పాడేస్తున్నారు. పాటంటే వేలం. పాటగాడి గొంతు మనిషి మాటలా ఉండదు, బోరింగు కొట్టినట్టు ఒకే లయలో పోతుంది. కొనేవాళ్లలో సగంమంది ఆడవాళ్లు. ఒకామె పారచేప చెంప ఎత్తి లోపలి ఎరుపు చూసి, కంటి మీద వేలుపెట్టి నొక్కి, ఇద్దరు మగవాళ్లు నోరు తెరిచేలోపు బుట్ట తనవైపు లాగేసుకుంది. ఎవరా అని చూస్తే మా వీధి చేపలమ్మే. నన్ను గుర్తుపట్టినట్టు కూడా కనపడలేదు. అది ఆమె ఆఫీసు.

అక్కడ పేర్లు నోట్‌బుక్కులో రాసుకున్నాను. కవళ్లు, కానాగడతలు, సవడాలు, గులివిందలు, సందువాలు, మాగ. నదిచేప తప్ప ఎరగని సీమవాడికి ఇది ఎంసెట్ సిలబస్. రేపు ఏ చేప తేవాలో నేనే చెబుతానన్నంత ఉత్సాహంతో ఇంటికొచ్చాను. మర్నాడు ఆమె రెండు సందువాలు తూచింది. జేబులో చూసుకుంటే చిల్లర తక్కువైంది, ఫోన్‌లో సిగ్నల్ లేదు. "రేపిస్తాను" అన్నాను.

ఆమె చేపలు తిరిగి బేసిన్‌లో వేసేసుకుంది. కోపంగా కాదు, మామూలుగానే. "అద్దిల్లోళ్లకి అరువియ్యను బాబూ. బదిలీలైపోతారు."

ఉండదగిన ఊరికి సుమతీ శతకం పెట్టిన షరతుల్లో మొట్టమొదటిది అప్పిచ్చేవాడు ఉండాలని. వైద్యుడు, ఏరు ఆ తర్వాతే. ఆ లెక్కన నాకు ఊరింకా దొరకలేదు.

అందరూ వచ్చినవాళ్లే

ఆమె జాగ్రత్తకు కారణం ఉంది. తూర్పు నౌకాదళం కేంద్రం ఇది. రెండు మూడేళ్లకోసారి కుటుంబాలు వస్తాయి, పోతాయి. బ్యాంకులు, రైల్వే, రిఫైనరీ, కాలేజీలు. ఒక తరం కూడా ఒకే వీధిలో ఉండనివాళ్లు ఎందరో. 1901 జనాభా లెక్కల్లో విశాఖపట్నంలో ఉన్నది నలభై వేల పైచిలుకు మనుషులు. 2011 నాటికి నగరపాలక సంస్థ హద్దుల్లో 17 లక్షలు దాటారు. ఆ తేడా అంతా పురిటిమంచాల మీద పుట్టింది కాదు.

బస్సెక్కితే వచ్చిన అలలన్నీ వరసగా కనిపిస్తాయి. 1933లో హార్బరు తెరిచారు. లోపలికి వచ్చే ఓడలకు అలల దెబ్బ తగలకుండా రెండు పాత ఓడల్ని ముంచి అడ్డుకట్ట చేశారు. 1941లో వాల్‌చంద్ హీరాచంద్ సింధియా కంపెనీ పేరుతో నౌకానిర్మాణ కేంద్రం పెట్టాడు. అందులో తయారైన జల ఉషను 1948లో నెహ్రూ నీళ్లలోకి వదిలాడు. 1952లో అది హిందుస్థాన్ షిప్‌యార్డ్ అయిపోయింది, కానీ కండక్టరు ఈనాటికీ "సింధియా, సింధియా" అనే అరుస్తాడు. 1957లో కాల్‌టెక్స్ రిఫైనరీ. ఆ తర్వాత ఉక్కు.

ఉక్కు మాత్రం ఊరికే రాలేదు. 1966లో దానికోసం రాష్ట్రమంతా లేచింది. కాల్పుల్లో 32 మంది పోయారు. 1971లో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేస్తే, జాతికి అంకితమైంది 1992లో, పి.వి. నరసింహారావు చేతుల మీదుగా. మా సీమ నుంచి కూడా ఎందరో ఇంజినీర్లు ఉక్కునగరం చేరారు. మా మేనమామ ఒకాయన అలా వచ్చి ఇక్కడివాడే అయిపోయాడు. ఆయన మాటల్లో ఇప్పుడు "ఉండాది" లేదు, "ఏటి" ఉంది.

ఈ కథను మనం ఎప్పుడూ వచ్చినవాళ్ల వైపు నుంచే చెప్పుకుంటాం. నేనూ అదే చేశాను, గాజువాక దాటి అగనంపూడి వెళ్లేదాకా. అక్కడ కాలనీని నిర్వాసిత కాలనీ అంటారు. ఉక్కు కర్మాగారానికి ఊళ్లిచ్చిన వాళ్లది. వాళ్ల దగ్గర ఆర్ కార్డులుంటాయి, ఇంటికో ఉద్యోగం మీద ఆశకు రుజువుగా. అందరికీ ఉద్యోగాలు రాలేదు. తండ్రి పేరు మీదున్న కార్డును కొడుకు, మనవడు భద్రంగా దాచుకున్న ఇళ్లున్నాయి. టీకొట్టు దగ్గర ఒక పెద్దాయన, "మీరెక్కడి నుంచొచ్చారు బాబూ?" అని అడిగాడు. అనంతపురం అన్నాను. "మేం అక్కడి నుంచి" అని చేత్తో చిమ్నీల వైపు చూపించాడు. ఏడెనిమిది కిలోమీటర్లు ఉంటుందేమో. మేం ఎనిమిది వందల పైచిలుకు కిలోమీటర్లు వచ్చి ఇల్లు దొరికిందనుకున్నాం. ఆయన ఎనిమిది కిలోమీటర్లు జరిగి నలభై ఏళ్లుగా కొత్తవాడిగా ఉన్నాడు.

ఉత్తరాంధ్రలో వలస అని ముగిసే ఊళ్లు బోలెడు. తగరపువలస, కొత్తవలస. ఎవరో ఎక్కడి నుంచో లేచి వచ్చి గుడిసె వేసుకున్న చోటు అని ఆ పేరే చెబుతుంది. మాటలో ఏ నామోషీ లేదు. ఆఖరికి ఆర్కే బీచ్‌లో ఇసుక కూడా చాలావరకు వచ్చిందే. హార్బరు గోడలు తీరం వెంట కదిలే ఇసుకను అటే ఆపేస్తాయి. ఇటు బీచ్ కోసుకుపోతుంది. అందుకని పోర్టులో తవ్విన ఇసుకను తెచ్చి ఇక్కడ పోస్తుంటారు.

ఆ బీచ్‌కు మేం తరచూ వెళ్తున్నామనుకునేరు. మొదటి నెల రోజూ. తర్వాత చుట్టాలు వచ్చినప్పుడే. కురుసుర జలాంతర్గామిని నేను ఇప్పటికి ఆరుసార్లు చూశాను, ఆరుసార్లూ అనంతపురం వాళ్లకు చూపించడానికే. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విరమించుకుని, ఆ మరుసటేడు ఇసుకలో మ్యూజియమై కూర్చుంది. అందులోంచి వంగి బయటికొచ్చిన ప్రతి చుట్టమూ నడుం పట్టుకుని "ఇప్పుడు నీళ్లలోకి దిగుదామా" అంటాడు. అక్కడ మాత్రం నేను కఠినంగా ఉంటాను. ఆర్కే బీచ్ దగ్గర నీళ్లు చూడటానికి ఎంత మెత్తగా ఉంటాయో, కాళ్లకింద అంత లాగుతాయి. విరిగిన అలల నీళ్లన్నీ ఒక్కచోట ఇరుకు పాయగా వెనక్కి పోతుంటాయి. అందులో పడ్డవాడు ఒడ్డువైపే ఈదాలని చూసి అలసిపోతాడు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది ఆ పాయ దాటాలి. ఈత బాగా వచ్చినవాళ్లే ఎక్కువ పోతారని జాలరిపేట గజ ఈతగాడొకడు చెప్పాడు. ఈత రానివాడు మోకాలి లోతులో ఆగుతాడు గదా.

పదకొండో నంబరు

మామ్మగారి దగ్గర కాలానికి రెండే ముక్కలు. "హుద్‌హుద్‌కి ముందు", "హుద్‌హుద్ తర్వాత". మనవరాలి పెళ్లి, మోకాలి ఆపరేషను, పెరట్లో మామిడిచెట్టు, అన్నీ ఆ గీతకు అటో ఇటో. 2014 అక్టోబరు 12, ఆదివారం మధ్యాహ్నం తుపాను కన్ను ఊరి మీదే తీరం దాటింది. గంటకు 170, 180 కిలోమీటర్ల గాలి. "గాలి ఆగిందని తలుపు తీశాను. చప్పుడే లేదు. అయిపోయిందనుకున్నాను. అరగంటకు రెండోవైపు నుంచి మొదలెట్టింది" అన్నారు. కన్ను అంటే అది. మర్నాడు చూస్తే వీధిలో చెట్టనేది లేదట. కైలాసగిరి కాలిన కొండలా గోధుమరంగు. కరెంటు లేదు, మోటారు లేదు, నీళ్లు లేవు. ఆవిడ ఇప్పటికీ అక్టోబరు రాగానే రెండు డ్రమ్ములు కడిగి నింపుతారు. కొవ్వొత్తులు, అగ్గిపెట్టె, పట్టా కాయితాల సంచీ తలుపు వెనక మేకుకు వేలాడుతుంటాయి.

పోర్టులో ఎగరేసే హెచ్చరిక నంబర్లు చదవడం ఆవిడే నేర్పారు. పేపర్లో "మూడో నంబరు ప్రమాద హెచ్చరిక" అని చదువుతాంగానీ అర్థం ఎంతమందికి తెలుసు? మొత్తం పదకొండు. ఒకటి, రెండు దూరంలో ఉన్న గండాలకు. మూడంటే రేవును ఈదురుగాలి కొట్టొచ్చు. నాలుగంటే తుపాను బెదిరిస్తోంది. ఐదు నుంచి ఏడు దాకా బలం ఒకటే, దారి వేరు. రేవును ఎడమకు వదిలి పోతే ఐదు, కుడికి వదిలితే ఆరు, రేవు మీదుగానో పక్కనుంచో పోతే ఏడు. ఎనిమిది, తొమ్మిది, పది అవే మూడు దారులు, తీవ్రత ఎక్కువ. పదకొండంటే ఇంకా పెద్ద తుపాననుకున్నాను నేను. కాదు. హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని. అంటే ఇక చెప్పేవాడు లేడు.

మా మూడో అక్టోబరులో ఒకరోజు మూడో నంబరు ఎగరేశారు. పొద్దున్నుంచి సముద్రం రంగు మారింది, ఇటుకరాయి కడిగిన నీళ్లలా. నేను మేడ మీది తులసికుండీ లోపలికి తెచ్చి, మోటారు వేసి, ఫోన్లు చార్జింగు పెట్టాను. మా ఆవిడ ఆఫీసు నుంచి ఫోన్ చేసి బియ్యం ఎన్ని ఉన్నాయో అడిగింది. ఎవరూ ఎవరికీ చెప్పకుండానే ఇవన్నీ జరిగాయి. రాత్రంతా కిటికీలు కొట్టుకున్నాయి. తెల్లారేసరికి తుపాను ఒడిశా వైపు తిరిగిపోయింది.

రెండు రోజులు బోట్లు కదల్లేదు. మూడోనాడు వీధిలో కేక. చేపలమ్మ బేసిన్ దించింది. అడుగున కొద్దిగా కవళ్లు, మీద తడిగుడ్డ. గాలికి ఆమె ఇంటి రేకు లేచిపోయిందట, కొడుకు కట్టుకుంటున్నాడట. అరకిలో తూచి, కాగితంలో చుట్టి, చేతికిచ్చింది. నేను జేబు తడుముకున్నాను. ఫోన్ మేడ మీదే ఉంది.

"తెస్తానుండు" అని మెట్ల వైపు తిరిగాను.

ఆమె అప్పటికే బేసిన్ నెత్తికెత్తుకుంది. "ఒగ్గేయ్ బాబూ, ఎక్కడికెల్లిపోతావ్! రేపు ఇద్దువు గాని."